పాటకు డబ్బు కట్టాక చేతికి ఏమొస్తుంది? డౌన్‌లోడ్ దుకాణాల లోగుట్టు

2024 ఆగస్టులో ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్ యాప్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఏళ్ల తరబడి అందులో పాటలు 'డౌన్‌లోడ్' చేసి పెట్టుకున్నవాళ్లకు యాప్‌తో పాటు ఆ పాటలూ పోయాయి. ఫోన్‌లోకి దిగిన పాట, నెట్ లేకుండా కూడా పాడిన పాట, కంపెనీ తలుపు మూయగానే ఎలా మాయమవుతుంది? ఇక ముందు పాటలు కొనాలంటే ఎక్కడ కొనాలి అనే ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ఈ చిక్కు విడదీయాలి. ఎందుకంటే పాటల దుకాణాల మధ్య అసలు తేడా ధరలో కన్నా అవి మనకు ఇచ్చే వస్తువులోనే ఉంది.

డౌన్‌లోడ్ పేరుతో వచ్చే మూడు రకాలు

మొదటిది స్ట్రీమింగ్ యాప్‌లలోని డౌన్‌లోడ్. నెలకింత అని చందా కడతాం, పాట ఫోన్‌లోకి దిగుతుంది. కానీ అది ఆ యాప్ మాత్రమే చదవగలిగే రూపంలో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించలేం, మరో యాప్‌లో తెరవలేం. స్పాటిఫై అయితే 30 రోజులకు ఒకసారైనా నెట్‌కు కనెక్ట్ కావాలంటుంది. చందా ఇంకా నడుస్తోందో లేదో చూసుకోవడానికే ఆ నిబంధన.

రెండోది, విడిగా డబ్బు కట్టి కొన్నా తాళంతో వచ్చే ఫైల్. ఈ తాళాన్నే డీఆర్‌ఎం అంటారు. ఫైల్ మన దగ్గరే ఉన్నా, తెరుచుకోవాలంటే దుకాణం అనుమతి కావాలి. మూడోది తాళం లేని ఫైల్. ఫైల్ రకం ఎంపీ3 కావచ్చు, ఏఏసీ కావచ్చు, ఫ్లాక్ కావచ్చు. ఒకసారి దించుకున్నాక దుకాణంతో పనిలేదు. ఆ రకం ఫైల్‌ను చదవగలిగితే కంప్యూటర్‌లో, ఫోన్‌లో, కారు స్టీరియోలో ఎక్కడైనా వినొచ్చు.

ఈ తేడాను మన కోర్టులు కూడా గుర్తించాయి. టిప్స్ అనే మ్యూజిక్ కంపెనీ వింక్ మీద వేసిన కేసులో బాంబే హైకోర్టు 2019లో తీర్పు ఇచ్చింది. చందా ఉన్నంతకాలం ఆఫ్‌లైన్‌లో వినిపించే డౌన్‌లోడ్‌ను పాటను అద్దెకివ్వడంగా, డబ్బు తీసుకుని శాశ్వతంగా ఇచ్చే డౌన్‌లోడ్‌ను అమ్మకంగా లెక్కించింది. ఒకే యాప్‌లో ఒకటి అద్దె, ఒకటి అమ్మకం. ఆ కేసు అసలు గొడవ వేరే. రేడియోలకు చట్టం ఇచ్చే తప్పనిసరి లైసెన్సు (హక్కుదారు ఒప్పుకోకపోయినా నిర్ణీత రుసుము కట్టి పాట వాడుకునే అనుమతి) ఇంటర్నెట్ కంపెనీలకు వర్తిస్తుందా అన్నది ప్రశ్న. వర్తించదని కోర్టు తేల్చింది. దాంతో పాటల యాప్ నడపాలంటే ప్రతి మ్యూజిక్ కంపెనీతో విడిగా బేరం కుదుర్చుకోక తప్పదు. బేరం చెడితే ఏమవుతుందో 2023 మార్చిలో చూశాం: జీ మ్యూజిక్‌తో ఒప్పందం కుదరక ఆ కంపెనీ పాటలు కొంతకాలం స్పాటిఫైలో కనిపించలేదు. చందాదారుల తప్పేమీ లేదు, వాళ్ల ప్లేలిస్టుల్లో మాత్రం గళ్లు ఖాళీ అయ్యాయి.

తాళం వేసిన పాటలు ఏమయ్యాయి

2003 ఏప్రిల్‌లో యాపిల్ ఐట్యూన్స్ స్టోర్ తెరిచినప్పుడు పాట 99 సెంట్లు. తాళం మాత్రం ఉండేది. మ్యూజిక్ కంపెనీలు అది లేకుండా పాటలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పైరసీ భయం వాళ్లది, అదేమీ ఊహించుకున్న భయం కాదు. అయితే తాళం ఇబ్బంది పెట్టింది కొన్నవాళ్లనే. దొంగ కాపీకి తాళం ఉండదు కదా.

2008 దాన్ని బాగా బయటపెట్టింది. మైక్రోసాఫ్ట్ అప్పటికే ఆపేసిన ఎంఎస్ఎన్ మ్యూజిక్‌లో పాటలు కొన్నవాళ్లకు కొత్త కంప్యూటర్ల కోసం తాళంచెవులు ఇవ్వడం ఆపేస్తామని ప్రకటించింది. పాత కంప్యూటర్ చెడిపోతే డబ్బు కట్టిన పాటలూ పోయినట్టే. గోల జరిగాక గడువు పొడిగించింది. యాహూ కూడా అదే ఏడాది తన దుకాణం మూసేస్తూ, కొన్నవాళ్లకు పరిహారం ఇస్తామని చెప్పుకోవాల్సి వచ్చింది.

అంతకు ముందే, 2007 ఫిబ్రవరిలో, స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ రాశారు. 2006లో ఆన్‌లైన్ దుకాణాలు తాళంతో అమ్మిన పాటలు 200 కోట్ల లోపే, అదే ఏడాది సీడీల రూపంలో ఏ తాళమూ లేకుండా అమ్ముడైనవి 2,000 కోట్లకు పైనే అన్నది ఆయన లెక్క. అంత పెద్ద ద్వారం తెరిచి పెట్టి కిటికీకి తాళమెందుకన్న ఆ వాదన నెగ్గింది. ఆ సెప్టెంబరులో అమెజాన్ అమెరికాలో తాళం లేని ఎంపీ3లు అమ్మడం మొదలుపెట్టింది. 2009లో యాపిల్ కూడా తన పాటలన్నిటికీ తాళం తీసేస్తున్నట్టు ప్రకటించింది. పాత తాళపు పాటలున్నవాళ్లు ఒక్కో పాటకు మరో 30 సెంట్లు కట్టి కొత్త ఫైల్ తెచ్చుకోవాల్సి వచ్చింది. అప్పటికే కొన్న పాటకు మళ్లీ డబ్బు!

ఇప్పుడు విడిగా పాటలు అమ్మే పేరున్న దుకాణాల్లో తాళం దాదాపుగా లేదు. తాళం మొత్తం స్ట్రీమింగ్ వైపు వెళ్లిపోయింది. ఇక్కడే ఒక తికమక ఉంది. యాపిల్ మ్యూజిక్ చందాతో దించుకున్న పాట, ఐట్యూన్స్ స్టోర్‌లో కొన్న పాట ఒకే లైబ్రరీలో పక్కపక్కనే, ఒకేలా కనిపిస్తాయి. చందా ఆగితే మొదటిది ఆగిపోతుంది, రెండోది పాడుతూనే ఉంటుంది. కొన్న ఫైల్‌లో మాత్రం మన యాపిల్ ఖాతా వివరాలు లోపల రాసి ఉంటాయి. తాళం లేదు గానీ ఎవరు కొన్నారో ఫైల్‌కు తెలుసు.

ఫైల్ ఎంత, నాణ్యత ఎంత

దుకాణాలు చెప్పే 128, 256, 320 అంకెలు బిట్‌రేట్లు, అంటే సెకను పాటకు ఎన్ని కిలోబిట్ల సమాచారం వాడారన్న లెక్క. అయిదు నిమిషాల పాట తీసుకుందాం. 128లో అది 4.8 ఎంబీ అవుతుంది. 256లో 9.6, 320లో 12 ఎంబీ. సీడీలో ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే సెకనుకు 1,411 కిలోబిట్ల చొప్పున 53 ఎంబీ దాకా వస్తుంది. ఫ్లాక్ అనేది ఆ సీడీ సమాచారంలో ఒక్క బిట్ కూడా పోగొట్టకుండా మడిచిపెట్టే పద్ధతి. పాటను బట్టి సైజు సుమారు సగానికి తగ్గుతుంది. ఎంపీ3, ఏఏసీ అలా కావు. చెవికి అందవనుకున్న వివరాలను అవి తీసిపారేస్తాయి, తీసేసినవి మళ్లీ రావు.

ఈ చివరి ముక్క చాలామంది పట్టించుకోరు. ఉచితంగా ఎంపీ3లు పంచే సైట్లలో '320' అని రాసి ఉన్న పాట నిజంగా 320 అయి ఉండాలని లేదు. 128లో దొరికిన పాటను 320గా మళ్లీ మారిస్తే సైజు 4.8 నుంచి 12 ఎంబీకి పెరుగుతుంది, శబ్దం మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే కాస్త తగ్గుతుంది. స్పెక్ట్రమ్, అంటే పాటలో ఎంత హెచ్చు స్థాయి శబ్దాల దాకా ఉన్నాయో బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే గుట్టు బయటపడుతుంది: 128 ఎంపీ3ల్లో సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు శబ్దం ఆగిపోతుంది, అసలైన 320లో దాదాపు 20 దాకా ఉంటుంది. ఈ సైట్లకు పాటల మీద హక్కులు లేవన్నది వేరే సంగతి. కేవలం సరుకుగా చూసినా అక్కడ లేబుల్‌ను నమ్మడానికి లేదు.

సీడీకి పైన 'హై-రెస్' అని మరో మెట్టు ఉంది. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అని రాస్తారు, అంటే శబ్దాన్ని సెకనుకు 96 వేల సార్లు, ఒక్కోసారి 24 బిట్లతో కొలిచి నమోదు చేశారని. ధర ఎక్కువ వేస్తారు. దీని మీద వాదన ఇంకా తెగలేదు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన పరీక్షల్లో వినేవాళ్లు హై-రెస్‌ను సీడీ నాణ్యత నుంచి వేరు చేయలేకపోయారు. 2016లో లండన్ పరిశోధకుడు జాషువా రీస్ 18 అధ్యయనాలను కలిపి చూసి, తేడా పట్టగలగడం కొద్దిగా, కానీ గణాంకపరంగా నిజంగానే ఉందన్నారు. ఆయన లెక్కలో సరైన జవాబులు 52.3 శాతం. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. రెండు వర్గాలూ ఈ అంకెనే తమకు అనుకూలంగా చూపించుకుంటాయి. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో వినేవాళ్లకు మాత్రం ఈ గొడవే అనవసరం. బ్లూటూత్ ఆ పాటను గాలిలో పంపే ముందు తన పద్ధతిలో మళ్లీ కుదిస్తుంది. అందరి దగ్గరా ఉండే ఎస్‌బీసీ పద్ధతిలో అది సెకనుకు సుమారు 328 కిలోబిట్లు.

అలాగని ఫ్లాక్ దండగ అనడం తొందరపాటు. దాని ఉపయోగం చెవి కన్నా దాచుకోవడంలో ఎక్కువ. మన కార్లలో, యూఎస్‌బీ స్పీకర్లలో కొన్నింటికి ఎంపీ3 ఒక్కటే అర్థమవుతుంది. ఏఏసీలో కొన్న పాటను ఎంపీ3గా మారిస్తే రెండోసారి కోత పడుతుంది. ఫ్లాక్ నుంచి మారిస్తే ఒక్కటే కోత, అసలు ప్రతి భద్రంగా ఉంటుంది. రేపు మరో కొత్త పద్ధతి వచ్చినా దాని నుంచే మళ్లీ తయారుచేసుకోవచ్చు.

ఏ దుకాణంలో ఏం దొరుకుతుంది

తెలుగు సినిమా పాటల వరకు భారత్‌లో తాళం లేని ఫైల్ కోసం వెతికితే ముందు తగిలేది ఐట్యూన్స్ స్టోరే. 2012 డిసెంబరులో ఇక్కడ మొదలైంది, అప్పుడు పాట ధర రూ.7 నుంచి రూ.15 మధ్య. ఆదిత్య, లహరి, సారెగమ లాంటి కంపెనీల పాటలు ఇందులో ఉంటాయి. వచ్చే ఫైల్ 256 ఏఏసీ. విచిత్రమేమంటే 2021 నుంచి యాపిల్ మ్యూజిక్ చందాదారులకు నష్టం లేని (ఫ్లాక్ లాగా ఒక్క బిట్ కూడా పోని) నాణ్యతతో పాటలు వినిపిస్తోంది గానీ, డబ్బు కట్టి కొనుక్కునేవాళ్లకు ఇచ్చేది ఇప్పటికీ 256నే. అద్దెకున్నవారికి మేలైన సరుకు, కొన్నవారికి తక్కువ సరుకు! కంపెనీ మొగ్గు ఎటో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆండ్రాయిడ్‌లో యాపిల్ మ్యూజిక్ యాప్ ఉన్నా పాటలు కొనే వీలు లేదు. కంప్యూటరో ఐఫోనో ఉండాలి.

బ్యాండ్‌క్యాంప్ దీనికి పూర్తిగా భిన్నం. 2008లో అమెరికాలో మొదలైంది. పాట పెట్టేది చాలావరకు పాడినవాళ్లే, లేదా చిన్న లేబుళ్లు. ఒకసారి కొంటే ఎంపీ3, ఫ్లాక్, ఏఏసీ, వేవ్ (అసలు కుదించని ఫైల్) ఏది కావాలంటే అది, ఎన్నిసార్లయినా దించుకోవచ్చు. నా లెక్కలో కొనేవాడికి ఇంతకన్నా మర్యాద ఇచ్చే దుకాణం లేదు. కానీ కొత్త తెలుగు సినిమా పాట కోసం అక్కడికి వెళితే ఖాళీ చేతులతో రావాల్సిందే. పెద్ద మ్యూజిక్ కంపెనీలు అటు రావు. స్వతంత్ర బ్యాండ్లు, జాజ్, ఎలక్ట్రానిక్, ప్రయోగాలు చేసే గాయకులు అయితే అక్కడ గని తవ్వినట్టే.

ఫ్లాక్‌లో, హై-రెస్‌లో ఆల్బమ్‌లు అమ్మేవాటిలో ఫ్రాన్స్‌కు చెందిన కోబజ్ పేరున్నది. 2019 నుంచి అమెరికాలో ఉంది, భారత్‌లో దాని సేవ లేదు. అమెజాన్ అమెరికాలో ఎంపీ3లు అమ్ముతుంది, భారత్‌లోకి మాత్రం 2018లో స్ట్రీమింగ్‌తోనే వచ్చింది. అంటే డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఉన్నన్ని దుకాణాలు విజయవాడలో ఉన్నవాళ్లకు లేవు. హక్కులు దేశాలవారీగా అమ్ముడవుతాయి కాబట్టి ఒకే కంపెనీ ఒకచోట అమ్మిన పాటను మరోచోట అమ్మకపోవచ్చు.

మన దేశంలో దుకాణాలు ఎందుకు నిలబడలేదు

ప్రయత్నాలు జరగలేదని కాదు. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో 'ఫ్లైట్' పేరుతో తాళం లేని ఎంపీ3ల దుకాణం తెరిచింది. 2013 జూన్‌లో మూసేసింది. ఉచితంగా దొరికే దొంగ పాటలు ఒక కారణం. చిన్న మొత్తాల చెల్లింపులు కష్టం కావడం రెండోది. ఇప్పుడు పది రూపాయలు యూపీఐలో కొట్టడం మనకు లెక్కలోకి రాదు గానీ, అప్పటికి యూపీఐ లేదు. రూ.10 పాటకు కార్డు నంబరు, ఓటీపీ, బ్యాంకు పేజీ, మధ్యలో ఫెయిల్ అయితే మళ్లీ మొదటి నుంచి. 2016లో గూగుల్ తన ప్లే స్టోర్‌లో భారత్‌కు పాటల అమ్మకం తెచ్చింది. 2020లో అమ్మకం ఆపి ఆ సేవనే మూసేసింది. 2021 ఫిబ్రవరి లోపు యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోవడమో, దించుకోవడమో చేయాలని గడువు పెట్టింది.

ఈ రెండు మూసివేతలను వింక్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఫ్లైట్‌లో కొని అప్పుడే కంప్యూటర్‌లో పెట్టుకున్న పాట నేటికీ పాడుతుంది. దుకాణం ఎంతకాలం బతుకుతుందన్నది ఎవరూ చెప్పలేరు. బ్యాండ్‌క్యాంప్ కూడా 2022లో వీడియో గేముల కంపెనీ ఎపిక్ గేమ్స్ చేతికి, మరుసటి ఏడాదే సంగీత లైసెన్సుల కంపెనీ సాంగ్‌ట్రేడర్ చేతికి మారింది. ఆ మార్పులో సగం మంది ఉద్యోగాలు పోయాయి.

కట్టిన డబ్బు ఎవరికి

ఐట్యూన్స్‌లో పాట రూ.15 అనుకుంటే, అందులో దుకాణం వాటా సుమారు 30 శాతమని పేరు. పన్నులు పక్కన పెడితే రూ.4.50 అక్కడ, మిగతా రూ.10.50 మ్యూజిక్ కంపెనీకి. గాయకుడికి, సంగీత దర్శకుడికి ఎంత అన్నది వాళ్ల ఒప్పందాలను బట్టి ఉంటుంది. సినిమా పాటల్లో కొనేవాళ్ల డబ్బు నేరుగా కళాకారుడికి చేరుతుందనుకోవడం అమాయకత్వమే. 2012 కాపీరైట్ సవరణ గీత రచయితలు, స్వరకర్తల రాయల్టీ హక్కును రాసిచ్చేయడానికి వీల్లేకుండా చేసింది. అది చెప్పుకోదగ్గ మార్పు.

బ్యాండ్‌క్యాంప్‌లో 7 డాలర్ల ఆల్బమ్ చూద్దాం. డాలరు రూ.85 అనుకుంటే రూ.595. అందులో దుకాణం వాటా 15 శాతం, అంటే సుమారు రూ.89, దానిపై చెల్లింపుల ఖర్చు. మిగిలింది కళాకారుడికి. మన వైపు బ్యాంకు విదేశీ లావాదేవీకి 3.5 శాతం వేస్తే రూ.21, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో రూ.4. మొత్తం రూ.620 దాకా పడుతుంది.

ఇక చందాతో పోలిక. నెలకు రూ.100 చొప్పున అయిదేళ్లు కడితే రూ.6,000. అదే డబ్బుకు రూ.15 చొప్పున 400 పాటలు కొనొచ్చు. వారానికి పది కొత్త పాటలు వినేవాళ్లకు చందాయే లాభం, అందులో అనుమానం లేదు. పదేళ్లుగా అవే రెండు మూడొందల పాటలు తిప్పి తిప్పి వినేవాళ్ల లెక్క వేరు. మన ఇళ్లలో రెండో రకమే ఎక్కువని నా అనుమానం.

పాత పాటల దగ్గర వచ్చే చిక్కు

భారత చట్టం ప్రకారం రికార్డింగ్ మీద కాపీరైట్ ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో విడుదలైన సినిమా పాట రికార్డింగ్ మీద హక్కు 2017 చివరితో ముగిసింది. అయితే సాహిత్యం, బాణీ మీద హక్కు వాటిని సృష్టించినవారు పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. 1974లో కన్నుమూసిన ఘంటసాల స్వరపరిచిన పాటైతే బాణీ హక్కు 2034 దాకా నడుస్తుంది.

దీనివల్ల రికార్డింగ్‌కు గడువు తీరిన పాట వేర్వేరు పేర్లతో, వేర్వేరు నాణ్యతలతో దర్శనమివ్వవచ్చు. ఒకటి మాస్టర్ టేపు, అంటే స్టూడియోలోని అసలు టేపు నుంచి తీసింది కావచ్చు, మరొకటి అరిగిన రికార్డు నుంచి. వీటి మధ్య ఎవరో కొత్తగా పాడిన వెర్షన్లు, కరోకే ట్రాకులు. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండటం మరో బాధ. ఒకే పాటను ఒకరు రెండు 'ఎ'లతో, మరొకరు ఒక్క 'ఎ'తో, 'త'ను ఒకరు 'టి'తో, ఇంకొకరు 'టిహెచ్'తో రాస్తారు. ఒక స్పెల్లింగ్‌తో దొరకనిది మరో స్పెల్లింగ్‌తో దొరుకుతుంది. కొనే ముందు వినిపించే శాంపిల్, గాయకుడి పేరు, లేబుల్ పేరు, ఇవే ఆధారం.

దేశం మారినా, మనిషి పోయినా

కొన్న సీడీని మరొకరికి అమ్మొచ్చు. ఫైల్‌ను అమ్మొచ్చా? అమెరికాలో రీడిజీ అనే సంస్థ వాడిన డిజిటల్ పాటలను తిరిగి అమ్మే వేదిక పెడితే, 2018 డిసెంబరులో అప్పీలు కోర్టు కుదరదంది. ఫైల్ బదిలీ అంటే కొత్త కాపీ తయారవడమే కాబట్టి అది హక్కుల ఉల్లంఘన అన్నది కారణం. సీడీకి, ఫైల్‌కు ఇదెక్కడి తేడా అని వినియోగదారుల వైపు నుంచి వచ్చే వాదనలో న్యాయం ఉంది. వాడినా అరగని సరుకును సెకండ్‌హ్యాండ్‌లో అమ్మనిస్తే కొత్తది ఎవరు కొంటారన్న కంపెనీల ప్రశ్నను కూడా తోసిపుచ్చలేం.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం మరో దారి పట్టింది. వెనక్కి లాక్కోగలిగిన డిజిటల్ సరుకును, అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అంటూ అమ్మకూడదు. శాశ్వతంగా దించి దాచుకోగలిగేవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. తాళం లేని ఫైల్‌కు చట్టం కూడా వేరే స్థానం ఇచ్చినట్టే.

హైదరాబాద్‌లో కొన్నవి పట్టుకుని అమెరికా వెళ్లేవాళ్లకు, ఫైల్‌ను దించి దాచుకోవడమన్నది నేరుగా తగిలే విషయం. యాపిల్ ఖాతా దేశం మారిస్తే పాత దేశంలో కొన్నవాటిని మళ్లీ దించుకోలేకపోవచ్చు. మార్చేలోపే అన్నీ దించుకోవాలని కంపెనీయే చెబుతుంది. మ్యూజిక్ కంపెనీ ఒక పాటను దుకాణం నుంచి తీసేసినా అంతే. ఖాతాదారు చనిపోయాక ఫొటోలు, మెసేజ్‌లు కుటుంబానికి అందేలా యాపిల్ 2021లో ఒక ఏర్పాటు తెచ్చింది. ఆ వారసుడికి అందనివాటి జాబితాలో, ఖాతాదారు కొన్న పాటలు ఉన్నాయి. హార్డ్‌డిస్క్‌లో ఫైళ్లుగా ఉన్నవి మాత్రం ఏ ఖాతా అడగకుండానే పాడతాయి.